పర్సోం

జీవరాజు ఎర్రకారు కింద పాత పేపరు పరిచి కాసేపు ఆగాడు. ఒక్క నూనె చుక్క పడలేదు.

"చంటిపిల్లయినా పక్క తడుపుతది. ఇది తడపదు సారూ" అన్నాడు షెడ్డు యజమాని లూకా.

పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తోంది. కార్ఖానా అనే పేటలో ఉన్న లూకా షెడ్డు నిండా పెద్దింటివాళ్ళు వదిలించుకున్న కార్లే. వాటన్నిటిలో ఈ రెండు సీట్ల రేసుకారే చవక. బందరు నుంచి కొత్తగా సర్కారు కొలువుకొచ్చిన జీవరాజు మనసు దాని మీదే పడింది.

ఇంట్లో భార్య డోరాకి ఏడో నెల. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా జట్కా కుదుపులకు ప్రాణం కడగట్టిపోతోంది.

"రెండు సీట్లా? రేపు ముగ్గురం అవుతాం కదండీ" అంది డోరా.

"మూడోవాడు నీ ఒళ్ళో కూర్చుంటాడులే."

"ముచ్చట సరే. నమ్మకమైన బండి అయితేనే ఎక్కుతాను."

అందుకని జీవరాజు తనకు తెలిసిన పరీక్షలన్నీ చేశాడు. టైర్లు తట్టాడు. ఇంజను స్టార్టు చేయించి పొగ రంగు చూశాడు. హారను మోగించి తనలో తానే నవ్వుకున్నాడు. ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. ఎంత మంచి కారైనా నెలల తరబడి కదలకుండా పడుంటే పాడైపోతుంది.

"ఈ మధ్య ఎవరైనా నడిపారా?"

"నడవకపోతే ఇట్ల స్టార్టయితదా?" అన్నాడు లూకా.

చర్చిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. అయినా అమ్మేవాడి మాట అమ్మేవాడిదే.

షెడ్డు గేటు దగ్గర స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాసిన కోటు, చేతిలో కర్ర. వాచ్‌మన్‌కి అబద్ధం ఆడే పనేముంది అనుకుని జీవరాజు ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దాయనా, ఈ ఎర్రకారు చివరిసారి ఎవరు నడిపారు?"

"మా పిలగాడు."

"ఎప్పుడు?"

"పర్సోం. దీంట్లనే పోయిండు, యాప్రాల్ దిక్కు."

జీవరాజు ముఖం విప్పారింది. మున్షీని పెట్టుకుని ఉర్దూ నేర్చుకుంటున్నాడాయన. కల్ అంటే నిన్న, పర్సోం అంటే మొన్న. అయితే కారు మొన్ననే యాప్రాల్ దాకా తిరిగొచ్చిందన్నమాట.

"జోరుగా పోయిందా?"

"మస్తు జోరుగ పోయింది. జెర నా మాటిను బిడ్డా, గా బండి కొనకు."

ఓహో, కొడుకు షికార్లు ఆగిపోతాయని ఈయన బెంగ కాబోలు, అనుకున్నాడు జీవరాజు.

"మీవాడు ఎక్కడున్నాడు?"

"బండి వచ్చింది. వాడు రాలే."

"వస్తాడులెండి. కుర్రతనం కదా, ఎక్కడో తిరుగుతుంటాడు."

జీవరాజు ఛాయ్ తాగమని ఆయన చేతిలో ఒక అణా పెట్టాడు. ఆయన దాన్ని కాసేపు చూసి, స్టూలు మీద పెట్టి, కర్ర ఊతంగా వెళ్ళిపోయాడు.

తక్కువైందేమో అనుకున్నాడు జీవరాజు.

సాయంత్రానికి కారు ఇంటికొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక డోరా కూడా ఎక్కింది. తలకు గుడ్డ కట్టుకుని, పొట్ట మీద చేయి వేసుకుని, "జట్కా కంటే ఎంతో నయమండీ" అంది.

యాప్రాల్ దిగుడులో స్టీరింగు తిరిగింది గాని చక్రాలు తిరగలేదు. కారు వెళ్ళి బండరాయికి కొట్టుకుంది.

డోరాను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు జీవరాజు కోపంతో ఊగిపోతూ కార్ఖానా వచ్చాడు. షెడ్డుకు తాళం వేసి ఉంది. గేటు దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. ఎదురుగా ఛాయ్ దుకాణంలో బుచ్చమ్మ గ్లాసులు కడుగుతోంది.

"ఇక్కడ కూర్చునే వాచ్‌మన్ ఏడమ్మా?"

"ఏ వాచ్‌మన్ సారూ?"

"ఆ ముసలాయన. వాళ్ళబ్బాయి మొన్ననే ఎర్రకారులో తిరిగాడని అబద్ధం చెప్పాడు. ఆ మాట నమ్మి కొన్నాను."

బుచ్చమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అమ్మగారికెట్లున్నది సారూ? యాప్రాల్ కాడ అయిందంట గద."

"బాగానే ఉంది. కడుపులో బిడ్డే. మగపిల్లవాడు. పోయాడు."

"అయ్యో, పోయిండా" అంది బుచ్చమ్మ.

జీవరాజు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ముసలాయన అన్నదీ అదే మాట. దీంట్లనే పోయిండు.

"మొన్న అన్నాడే" అన్నాడు నీరసంగా.

"మొన్న అన్నడా, పర్సోం అన్నడా?"

"పర్సోం."

"మాకు గడిచిందంత పర్సోమే సారూ. నిరుడు సుత పర్సోమే. పిలగాడు పోయింది పోలీసు యాక్షన్‌కు ముందట, గదే దిగుడుల. తునకలు చేస్తమంటే సేటు ఆ బండిని షెడ్డోల్లకిచ్చిండు. వీళ్ళేమో సక్కజేసి అమ్మకానికి వెట్టిండ్రు."

"ఏ సేటు?"

"మీరు అణా ఇచ్చిన సోమయ్య సేటు. కొడుకు బి.ఏ. పాసైండని ముచ్చటపడి గా బండి కొనిచ్చింది ఆయనే. పిలగాడు పోయినంక కట్టెల అడితి సుత మూసిండు."

జీవరాజు బెంచీ మీద కూలబడ్డాడు.

"వస్తాడులెండి అన్నాను ఆయనతో."

బుచ్చమ్మ ఛాయ్ పోసి ముందు పెట్టింది.

"ఇప్పుడు ఎక్కడుంటాడు?"

"ఏమో సారూ. బండి అమ్ముడువోయిన కాన్నుంచి వస్తలేడు."

"నేను వాచ్‌మన్ అనుకున్నానమ్మా."

"వాచ్‌మనే అనుకోండ్రి సారూ" అంది బుచ్చమ్మ. "ఇంకో పిలగాడు గా బండెక్కకుండ రోజూ పొద్దుగాల్నే వచ్చి కావలుండేటోడు."