మూడో రోజు మసాలాలు

చర్చి వెనకాల సిమెంటు తొట్టి సగం నిండింది.

ట్యాంకర్ పైపు ఇంకా పోస్తూనే ఉంది. తొట్టి నిండేలోపు నాగులమ్మ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఒక్కటి తప్పినా ఈసారీ ఆ తొట్టిలో మునిగే బాప్తిస్మం లేదు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది.

బాప్తిస్మం లేనివాళ్లకు చర్చిలో ప్రభువు పేర పంచే రొట్టె ఇవ్వరు. మూడేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ రొట్టె పళ్లెం ఆమె ముక్కు ముందు నుంచే పక్కనున్న రూత్ చేతికి వెళ్లిపోతోంది.

ఈరోజు మొదటి ఆదివారం.

పళ్లెం పట్టేది సంఘపెద్ద హన్మంతు. ప్రశ్నల కాగితమూ ఆయన చేతిలోనే ఉంది.

నాలుగు గండాలు గడిచాయి. దేవుడెవరు, కొడుకెవరు, ఎవరి కడుపున పుట్టాడు, ఎవరి కోసం ప్రాణమిచ్చాడు. పాస్టర్ ఐలేష్ కూతురు స్తుతి మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పిన జవాబులు గడగడా వచ్చేశాయి.

"ఐదోది. మూడో రోజు ఏమైంది?"

నేర్చుకున్న మాట కాస్తా మాయమైంది.

నాగులమ్మ ఇంట్లో మూడో రోజంటే ఒకటే అర్థం. పోయినవాళ్ల సమాధి దగ్గర వండి పెట్టాలి. కాకి వచ్చి ముట్టాలి. దాన్నే పిట్టకు పెట్టడం అంటారు.

"ఆడోళ్లు పిట్టకు వెట్టనీకి వోయిండ్రు," అంది.

హన్మంతు పెన్ను ఆగింది. స్తుతి తల పట్టుకుంది.

"పిట్టకా? ఎవలు జెప్పిండ్రక్కా నీకు?"

"గీ పిల్లనే. సమాధికాడికి మసాలాలు వట్టుకపోయిండ్రన్నది. మసాలాలు వండనీకే గద తమ్మీ?"

"శవానికి పూసే సుగంధ ద్రవ్యాలంటే తెలుస్తలేదన్నది అంకుల్," స్తుతి గొణిగింది. "మసాలాల లెక్క అనుకొమ్మన్న."

హన్మంతు కాగితం మడిచాడు.

"వచ్చే పండుగకు జూద్దాం అయ్యగారు. ఐదూ పునాదిరాళ్లే. ఒక్కటి కదిలినా ఇల్లు నిలవడదు."

"నీ ఇంటి పునాది ఎంత లోతో నీకు తెలుసా అన్నా?" అన్నాడు పాస్టర్.

"మేస్త్రీకి తెలుసు."

"మరి మేస్త్రీని నమ్మే గద ఆ ఇంట్ల రోజూ పంటున్నవ్."

హన్మంతు తగ్గలేదు. "గట్లయితే ఎవలేం నమ్మినా నడుస్తదా? సచ్చిన మూడో రోజు ఆయన లేసిండన్న మాట లేకుంటే ఇగ మనకాడ ఏమున్నది?"

పాస్టర్ తలూపాడు. ఆ మాట నిజమే.

తొట్టి నిండింది. పైపు ఆగింది.

నాగులమ్మ తెల్లచీర కొంగు వేలికి చుట్టుకుంది.

"తర్వాతి ముచ్చట చెప్పనియ్యవా తమ్మీ?"

"చెప్పు."

"వండుకొని వోయిండ్రా. పెట్టనీకి ఆడ మనిషే లేకపాయె. లేసి వోయిండు. బతికినోనికి పిట్టెందుకు? తెచ్చింది ఇంటికి తీస్కవోయి అందరు కూసొని తిన్నరు. ఆయన గూడ వొచ్చి తిన్నడు."



"ఆయన తిన్నడని యాడుంది?" అన్నాడు హన్మంతు.

పాస్టర్ బైబిలు తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపాడు. కాల్చిన చేప ముక్క. అందరి ముందే తీసుకుని తిన్నాడు.

హన్మంతు కళ్లద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చదివాడు. కాగితం మడత విప్పాడు. ఐదో ప్రశ్న పక్కన టిక్కు పెట్టాడు.

"మసాలాలు మాత్రం తప్పే అక్కా."

"చేపకు వనికొచ్చినయేమో తమ్మీ."

స్తుతి పకపకా నవ్వింది. హన్మంతు మీసం కూడా కదిలింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. మునిగి లేచాక నాగులమ్మకు కాసేపు ఏమీ వినపడలేదు.

గంట తర్వాత, తడి జుట్టుతోనే రూత్ పక్కన కూర్చుంది.

పళ్లెం వరుస వెంట వస్తోంది. నలుగురి అవతల. ఇద్దరి అవతల.

ఆమె ముందు ఆగింది.

నాగులమ్మ దిగ్గున లేచి నిలబడి, రెండు చేతులూ చాచింది.

"కూసొని తిను అక్కా," అన్నాడు హన్మంతు.