సెప్టెంబరు పరీక్ష

"లైన్లో రండి టీచరమ్మా! ఇక్కడ మార్కులు చూసి ముందుకు పంపరు," అని ఎవరో అనగానే నూనె మిల్లులో ఉన్న రైతులంతా నవ్వారు.

ఒర్నెల్లా చేతిలో ఆలివ్ కాయల బుట్ట లేదు, ఖాళీ డబ్బా కూడా లేదు. కాయలు ఆడించే నవంబరులో మిల్లుకు ఊరికే వచ్చే మనిషి ఇటలీలోని ఆ స్పొలేతో ఊళ్లో ఎవరూ ఉండరు. ఆమె వచ్చింది మిల్లు యజమాని నజారెనో కోసం. బళ్లో ముప్పై తొమ్మిదేళ్లు లాటిన్ చెప్పి, మొన్న జూన్‌లో రిటైరయింది. యాభై ఏళ్లుగా మోస్తున్న తప్పొకటి అతని ముందు ఒప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

మర దగ్గర నుంచి నజారెనో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే బెంచీ.

"ఓహో, ఒర్నెల్లా! దారి తప్పావా?"

"లేదు. నీతో మాట్లాడాలి. ఐదు నిమిషాలు చాలు."

"ఏంటి నజారెనో, ఇన్నాళ్లకు పెళ్లి కుదిరిందా?" అన్నాడు బస్తా మీద కూర్చున్న ముసలి రైతు.

"నీ కాయలు ఎల్లుండికి నెట్టానంటే కుదురుతుంది నీకు!" అంటూ అతను ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

అక్కడ పొయ్యి మీద రొట్టె ముక్కలు కాలుతున్నాయి. నజారెనో ఒకటి తీసి, వెల్లుల్లి రుద్ది, కొత్త నూనె ధారగా పోశాడు.

"ముందు తిను."

"ముందు నువ్వు విను. సెప్టెంబరు పరీక్ష గుర్తుందా?"

"యాభై ఏళ్లయింది తల్లీ. అదిప్పుడెందుకు?"

"నాకైతే నిన్నటిలా ఉంది. మే నెలలో నువ్వు నాకు జవాబు అందిస్తుంటే ఎవారిస్తో మాస్టారు పట్టుకున్నారు. లేకపోతే లాటిన్‌లో నువ్వు సెప్టెంబరులో మళ్లీ పరీక్షకు రావాల్సిన వాడివా? నావల్లే కదా, వేసవంతా ఇద్దరం లాటిన్ పద్యాలు బట్టీ పట్టాం."

"నీకు విభక్తులు ఒక్కటీ వచ్చేవి కావు," అని నవ్వాడు నజారెనో. "అలాంటిదానివి పిల్లలకు చెప్పావంటే..."

"నవ్వకు. ఆ రోజు నా పేరు నీకన్నా ముందు పిలిచారు. ఫెయిలైతే మళ్లీ అదే క్లాసులో ఏడాదంతా కూర్చోవాలి. అమ్మేమో, తప్పావంటే కుట్టుపనికి పంపిస్తానంది. చివరికి మాస్టారు 'గట్టెక్కావు, పో' అన్నారు. బయటికొచ్చేసరికి, బతికిపోయానని ఏడుపు ఆగలేదు. నువ్వు తలుపు దగ్గరే నిలబడ్డావు. నీతో ఒక్క మాటైనా చెప్పకముందే నిన్ను లోపలికి పిలిచారు."

నజారెనో పొయ్యి మీది రొట్టెను తిరగేశాడు.

"పరీక్ష అయిపోయినవాళ్లు వెనక కూర్చుని చూడొచ్చు కదా. నేను కళ్లు తుడుచుకుని నీ వెనకే వచ్చి కూర్చున్నాను. మాస్టారు నిన్ను ఆ గాయకుడి కథ అడిగారు. చనిపోయిన భార్యను పాతాళం నుంచి వెంటబెట్టుకు వస్తాడు చూడు, అతనికి పెట్టిన షరతేమిటని. నువ్వు వెనక్కి తిరిగి నా వంక చూశావు."

"చూశాను."

"నాకు జవాబు తెలుసు నజారెనో. పెదవి కదిపితే చాలు. కానీ మాస్టారు చూస్తే నా పాసు కూడా పోతుందని భయపడ్డాను. తల దించుకున్నాను. ఏడాదంతా నువ్వు నాకు అందించావు. నీకు అవసరమైన ఒక్క రోజు నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ అందుకుంది.

"మాస్టారు మూడుసార్లు అడిగారు. నువ్వు తెలియదన్నావు. తర్వాతి ప్రశ్నలకూ అంతే. మర్నాడు జాబితా అంటించినప్పుడు నీ పేరు లేదు. నా పేరు చూసి ఎంతసేపు నవ్వావో! అది నన్ను ఎత్తిపొడవడమే అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు బడి మొహం చూడలేదు, ఈ మిల్లులోనే ఉండిపోయావు. ఆ పద్యం చెప్పేటప్పుడు, అతను వెనక్కి తిరిగే చోట ఏటా నాకు గొంతు పట్టేసేది. పిల్లలేమో కథకు కరిగిపోయాననుకునేవారు. నీ చదువు నేను పోగొట్టాను. నన్ను క్షమించు."

నజారెనో ఆమె చేతిలో రొట్టె పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వెలుగులోకి వచ్చేదాకా వెనక్కి తిరగకూడదు. అదే కదా షరతు?" అన్నాడు.

"ఇప్పుడు ఎవరైనా చెబుతారు."

"అప్పుడూ తెలుసు. రెండో ప్రశ్నకూ తెలుసు, మూడోదానికీ తెలుసు. కావాలంటే ఆ పద్యం మొత్తం ఇప్పుడు అప్పజెబుతాను, మార్కులు వేసుకో."

ఒర్నెల్లా అతని మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నట్టు లేదు. బయట మర చప్పుడు ఆగింది, నజారెనో అంటూ ఎవరో కేక పెట్టారు. అతను లేవలేదు.

"మరి తెలియదన్నావేం? నోరెందుకు మెదపలేదు?"

అతను ఆమె వైపు చూడకుండా, నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు ఏడుస్తూ బయటికొస్తే, ఫెయిలయ్యావనుకున్నాను."