తెల్ల చొక్కా మనిషి

తెల్ల చొక్కా మనిషి మాయమయ్యాడు!

పాత రంగుల పటాలు బాగుచేసే అతను బల్ల మీది పటంలోకి వంగి చూశాడు. నల్లగా పొగ కక్కుతూ రేవు వదులుతున్న ఆవిరి ఓడ అలాగే ఉంది. ఒడ్డున జనమూ ఉన్నారు. ఓడ రెయిలింగు పక్కన నిలబడి చెయ్యూపుతున్న మనిషి మాత్రం దూదికి అంటుకుని వచ్చేశాడు.

వాడింది రంగు కరిగించే మందు కూడా కాదు. దుమ్ము వదిలిద్దామని మంచినీళ్లలో తడిపిన దూదితో ఒక్కసారి అద్దాడు, అంతే. నూనె రంగు నీళ్లకు పోవడం ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు.

'దురుసు చెయ్యి! విరగ్గొట్టుకోవాలి' అని తిట్టుకున్నాడు.

పటం ఒక పెద్దావిడది. ఇచ్చేటప్పుడే వేలు పెట్టి మరీ చూపించింది.

"అదుగో, మా నాన్న. ఆ ప్రయాణంలోనే ఓడ మునిగిపోయింది. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు. జాగ్రత్త బాబూ."

రేపు ఆ పటాన్ని రేవు మ్యూజియంలో తగిలిస్తారు. ఓడతోపాటు పోయినవాళ్ల పిల్లలకు ముందు వరుసలో కుర్చీలు వేస్తారు.

నిజం చెప్పే ధైర్యం చాలలేదు. సన్న కుంచె తీశాడు. తెల్ల చొక్కా, ఎత్తిన చెయ్యి, వేళ్లు. దొంగసంతకం పెడుతున్నవాడిలా చెమటలు కారాయి.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడ వచ్చింది. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"నాన్న నిగనిగలాడిపోతున్నాడే! బంగారం లాంటి చెయ్యి నాయనా నీది."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, తిట్టినా సరే, చెప్పేస్తాను. ఈయన మీ నాన్నగారు కాదు. ఆయన్ని నేనే తుడిచేశాను. ఇది నేను వేసిన బొమ్మ."

ఆవిడ ముఖం పాలిపోయింది. గుమ్మం వైపు చూసింది. బయట కారులో మనవలు కొత్త బట్టల్లో కిలకిలలాడుతున్నారు. గొంతు తగ్గించింది.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదమ్మా. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"నువ్వెందుకు చావడం?" ఆవిడ తల దించుకుంది. "మమ్మల్ని వదిలేసి ఇంకొకావిడతో వెళ్లిపోయిన మా నాన్నని, చిన్నప్పుడు నా బడి నీళ్లరంగులతో నేనే ఈ ఓడ ఎక్కించాను."