బయటికి వినపడకూడదు

“ఒక్క ముక్క కూడా బయటికి వినపడకూడదు బాబూ. పక్క మంచం మీద పడుకున్నవాడికి కూడా!”

టీవీ పెట్టెల దొంతర వెనక నక్కిన టైలరమ్మ ఆ మాట వింటూనే చెల్లెలి చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ నొక్కుడుకి చెల్లెలి వేళ్ళు ఐదూ కలిసి ఒకే వేలయ్యాయి.

“విన్నావా?”

“విన్నానే తల్లీ. ముందు నా చెయ్యి వదులు.”

కౌంటరు దగ్గర నిలబడి ఆ మాటన్న పెద్దమనిషి టైలరమ్మ మొగుడే. ఓడల్లో ఇంజన్ మెకానిక్కు. ఎల్లుండి ఓడెక్కితే మళ్ళీ ఆరు నెలలకి గానీ నేల మీద కాలు పెట్టడు. పొద్దున్నే బూట్లు కుట్టించుకొస్తానని బయల్దేరాడు. బూట్లేమో ఇంట్లోనే ఉన్నాయి.

అనుమానం ఇవాళ్టిది కాదు. ఈమధ్య ఆయన ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాడు. పగలు దాన్ని చెవికి ఆనించుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఆమె గదిలోకి రాగానే ఫోను బోర్లా పడుతోంది. చొక్కా చంకలో పావంగుళం తేడా ఉంటే వీధి మలుపులోంచే పసిగట్టే కన్ను టైలరమ్మది. మొగుడి మొహంలో తేడా పసిగట్టదా?

“ఇది గనక నిజమైతే ఆయన పెట్టె ఓడెక్కేది కాదు, వీధిన పడేదే. తిరిగొచ్చేసరికి ఇంటి తాళం కూడా మార్చేస్తాను” అంది. అనడం గట్టిగానే అంది గానీ చెల్లెలి చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు. ఇరవయ్యేళ్ళ కాపురం మరి.

కౌంటరు మీద షాపతను రెండు హెడ్‌ఫోన్లు పరిచాడు. “రెండూ వెనక మూసినవే సార్. చిల్లులున్న రకమైతే పాట విప్పారినట్టుంటుంది గానీ, ఊరంతా వింటుంది. ఇవైతే లోపలిది బయటికి పోదు, బయటి రొద లోపలికి రాదు. నన్నడిగితే ఈ నల్లవి తీసుకోండి. వీణ తీగ మీద గోరు తగిలినా తెలుస్తుంది. ఏ పాట పెట్టమంటారు?”

“పాట కాదు. నా ఫోన్లోనే ఉంది, నేను పెట్టుకుంటాను.”

“ఇలా ఇవ్వండి సార్, నేనూ విని చెప్తాను.”

మెకానిక్కు ఫోను గుండెలకి హత్తుకున్నాడు. “వద్దు బాబూ. పరువుగల ఇల్లాలు. పరాయి చెవిన పడకూడదు.”

“ఇల్లాలట!” టైలరమ్మ పళ్ళు పటపటలాడాయి. “ఎవడి ఇల్లాలో!”

మెకానిక్కు నల్లవి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, పెదవి విరిచాడు. “మరీ కడిగి ఆరేసినట్టుంది. ఆవిడ నిండుతనమంతా పోయింది.”

“నిండుతనమట!”

“నెమ్మదే, వినపడుతుంది” అంది చెల్లెలు.

ఈసారి గోధుమరంగువి పెట్టుకున్నాడు. మొహం చాటంతయింది. “ఇదీ! ఇప్పుడొచ్చింది మనిషి! చెవి పక్కనే ఉన్నట్టుంది.”

షాపతను మొహం చిట్లించాడు. “వాటిలో బేస్ ముద్దగా ఉంటుంది సార్. నాకైతే తలనొప్పే.”

“ఎవరి చెవులు వాళ్ళవి నాయనా. ఇంజన్ల పక్కన బతికినవాణ్ణి, నాకు బరువుండాలి. పోయినసారి ఇది లేకుండా ఓడెక్కి కంటి మీద కునుకు లేక చచ్చాను. ఆవిడ పక్కన లేకపోతే నాకు నిద్ర రాదు.”

అంతే. టీవీ పెట్టెల దొంతర ఒక్కసారి ఊగింది. అందులోంచి టైలరమ్మ ఊడిపడింది.

“ఏమయ్యా! బూట్లు ఇక్కడ కుడతారా?”

మెకానిక్కు మొహంలో నెత్తురు చుక్క లేదు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. “నువ్వా! నువ్వెందుకొచ్చావే?”

“ఎవత్తది?”

“ఎవరూ లేరు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద.”

“ఏ ఇంటికి? తేలేదాకా నీకు ఇల్లు లేదు.” ఆమె హెడ్‌ఫోన్లు లాక్కుంది. లాక్కుందే గానీ చెవుల దాకా చెయ్యి లేవలేదు. చెల్లెలి చేతిలో పెట్టింది. “నా వల్ల కాదే. నువ్వు విని, ఎవత్తో చెప్పు.”

“వద్దమ్మా మరదలా!” మెకానిక్కు చేతులు జోడించాడు. “నీకు పుణ్యముంటుంది. మీ అక్క తట్టుకోలేదు.”

“ఆగు బావా.” చెల్లెలు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత నోరు తెరుచుకుంది. ఆ తర్వాత పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి.

ఏడుస్తోందనుకుని టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. షాపతను గబగబా మంచినీళ్ళ సీసా తెచ్చాడు.

“తెలిసిన మనిషేనా?” అని చెల్లెల్ని అడిగింది టైలరమ్మ.

“బాగా.”

“మనవాళ్ళలో మనిషా?”

“మరీ దగ్గరి మనిషి.”

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. “అందంగా ఉంటుందా?”

చెల్లెలు ఇటు తిరిగి, అక్కను ఎగాదిగా చూసింది. “పర్లేదు.”

“అంత కచ్చితంగా ఎలా గుర్తుపట్టావే?”

“చిన్నప్పుడు రోజూ విన్నాను కదా.”

“చెప్పకమ్మా...” మెకానిక్కు నీరసంగా అన్నాడు.

“చెప్పవే! ఎవత్తయినా సరే!”

“నీ గురకేనే అక్కా.”