రెండు సీట్ల కారు

ఎర్ర కారు మళ్ళీ వచ్చింది. వీధి మలుపు దాకా బాగానే వచ్చి, అక్కణ్ణుంచి దగ్గుతూ, వణుకుతూ, ఎలాగో షెడ్డులోకి చేరింది.

వంటింటి కిటికీలోంచి చూసి అక్క గరిటె ఠపీమని పెట్టింది.

"వచ్చిందండీ మహారాణి. మీ షెడ్డు ధన్యమైంది."

ఇంటి ముందుభాగమే షెడ్డు. ఆమె మొగుడు మెకానిక్. చుట్టుపక్కల ముసలి కార్లన్నిటికీ అతనే దిక్కు. వాటి మధ్య ఆ స్పోర్ట్స్ కారు, చిరుగు చాపల పక్కన పట్టుపరుపు వేసినట్టుండేది. ఇద్దరే పట్టే కారు. పెళ్ళిరోజుకని చెల్లెలికి వాళ్ళాయన కొనిపెట్టాడు. అక్క పెళ్ళిరోజుకు ఆమె మొగుడు కుక్కరుకు కొత్త రబ్బరు తెచ్చాడు. అదీ గుర్తుచేస్తే.

చెల్లెలు కారు దిగి, పక్కసందులోంచి నేరుగా పెరట్లో కుళాయి దగ్గరికి నడిచింది.

"అక్కా, చేతులు కడుక్కుని వస్తానే!"

ఎప్పుడూ ఇదే వరస. మా ఇంటి గాలి సోకితేనే మకిలి అంటుకుంటుంది కాబోలు, అనుకుంది అక్క. కుళాయి గట్టు మీద మొగుడి సబ్బు బొగ్గుముక్కలా ఉంటుంది. అది చూసి చెల్లెలు మూతి తిప్పుతుందేమోనని, ఆమె కోసం ప్రత్యేకంగా ఓ తెల్ల సబ్బు కొని మూతడబ్బాలో పెట్టింది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. పెట్టింది తనే. పెట్టాల్సి వచ్చినందుకు ఉడుక్కున్నదీ తనే.

షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి, తల వంచి ఇంజను చప్పుడు విన్నాడు.

"ఏమైందమ్మాయ్ ఈసారి?"

"ఏమో బావా. ఎంత తొక్కినా కదలదు. ఒకటే వణుకు."

"ఒక సిలిండరు పనిచెయ్యట్లేదు. ఆగు." వేలు పెట్టి తడిమాడు. "ఇదిగో, కాయిల్ కనెక్టర్ ఊడింది." బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. ఇంజను పాలు తాగిన పిల్లిలా గుర్రుమంది.

"అంతేనా?" అంది చెల్లెలు. ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

"అంతే. మొన్న బాటరీ టెర్మినల్ వదులు. అంతకుముందు టర్బో గాలిపైపు క్లిప్పు. కొత్త కారులో ఇవి వాటంతటవి ఊడేవి కావు. మీ వైపెవరో కారు చూసి ఓర్వలేక వేళ్ళు పెడుతున్నారు."

గుమ్మంలో నిలబడ్డ అక్కకు కడుపులో కాస్త చల్లగా అనిపించింది. తనలాంటివాళ్ళు లోకంలో ఇంకొకరున్నారన్నమాట.

బాగైన కారును వదిలేసి చెల్లెలు వంటింట్లో చతికిలబడింది. అడక్కుండానే చిక్కుళ్ళు ముందుకు లాక్కుని ఈనెలు తీసింది. గిన్నె అడుగున అంటుకున్న కూర గీక్కుని తింది. రోజూ తినే విందులు మొహం మొత్తాయేమో, అనుకుంది అక్క.

"మీ ఆయన రాలేదేమే?"

"టూరు."

"మొన్నా టూరే కదే!"

"ఎప్పుడూ టూరేలే అక్కా."

విమానాలూ, పెద్ద హోటళ్ళూ. పెట్టిపుట్టింది. అక్క చిక్కుడుకాయను చిదిమేసింది.

ఇంతలో మెకానిక్ మంచినీళ్ళకు వచ్చాడు. చెల్లెలు మొహం వెలిగింది.

"బావా, ఇలాంటి కార్లలో మామూలుగా ఇంకా ఏమేం పాడవుతుంటాయి?"

అంతే. రోజుకు నాలుగు ముక్కలు మించి మాట్లాడని మనిషి పీట లాక్కుని కూర్చున్నాడు. "కూలెంటు మూత సరిగ్గా బిగించకపోతే ఇంజను వేడెక్కిపోతుంది. ఏదన్నా సెన్సర్ ప్లగ్గు వదిలేస్తే స్టీరింగు ఎదుట హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి నత్తలా నడుస్తుంది..."

"ఆ ప్లగ్గు ఎక్కడుంటుంది బావా?"

అతను చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆమె కళ్ళప్పగించి వింటోంది. పాఠం అప్పజెప్పాల్సిన పిల్లలా మధ్యమధ్య తలూపుతోంది. నన్నెప్పుడైనా ఇలా కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పాడా? అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమే, అంత ఖరీదు కారుకి కంపెనీ షోరూము లేదా? ఇకమీదట అక్కడికే తీసుకెళ్ళు. మా ఆయనకిక్కడ చేతినిండా పనుంది."

చెల్లెలు ఈనెలన్నీ నెమ్మదిగా కుప్పచేసి లేచింది.

"అలాగే అక్కా."

కారెక్కబోతూ పక్క సీటు మీది సంచీ తీసి డిక్కీలో పెట్టింది. "ఓ చుట్టు తిరిగొద్దాం, రావే. ఒక్కసారి."

"పొయ్యి మీద పనుంది నాకు."

పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

ఎర్ర కారు చిన్న దగ్గు కూడా లేకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"సొంత చెల్లెల్ని అంత మాట అనాలా?" అన్నాడు మెకానిక్.

"అంటే ఏమైందట? షోరూముల్లో ఏసీ గదులుంటాయి. హాయిగా కూర్చుంటుంది."

అతను షెడ్డులోకి వెళ్ళిపోయాడు. అక్క పెరట్లోకి నడిచింది. దొరసానిగారు ఇక రారు కదా, ఆ మంచి సబ్బేదో తనే వాడుకుందామని డబ్బా మూత తీసింది.

చెల్లెలు తప్ప ఎవరూ చెయ్యిపెట్టని ఆ తెల్ల సబ్బు, మెకానిక్ సబ్బుకు ఏమాత్రం తీసిపోకుండా, ఇంజను మసితో నల్లగా ఉంది.