సీటు లేదు

"టికెట్ కొన్నాక సీటు లేదంటారేంటమ్మా? న్యాయమేనా?" విమానాశ్రయం కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని పూర్ణచంద్రరావు.

"కొందరు రారనుకుని ఎక్కువ అమ్ముతామండి. ఇవాళ అందరూ వచ్చారు," అంది కౌంటర్లోని లిడియా.

"దీన్ని మోసం అంటారు!"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా.

"గేటు దగ్గర రైతులు గొడవ చేస్తున్నారండీ. బుక్ చేసుకున్నా మిర్చి దించుకోవట్లేదని. పైన మబ్బు పట్టింది."

"కొందరు రారనేగా అన్ని బుకింగులు తీసుకుంది! లోపల చోటేదిరా? తలా ఒక టీ తాగించి, రేపు రమ్మను."

ఫోన్ పెట్టేసి, "ఆఁ, ఏదో న్యాయం అంటున్నాను..." అన్నాడు.

లిడియా నవ్వలేదు. టీ కూపన్ ఒకటి ఆయన ముందుకు జరిపింది.

"రేపు రండి సార్."