ఆట రాని కాకా

భానుప్రసాద్ కొట్టిన దెబ్బకు తెల్ల బంతి టేబుల్ దాటి ఎగిరి, బెంచీ కింద పడింది.

పూల్ పార్లర్‌లో అందరూ గొల్లుమన్నారు.

అందరికంటే గట్టిగా నవ్వింది నితీష్. భాను ఆఫీసులోనే పనిచేస్తాడు.

"పూల్ నీతోని కాదు గని, పోయి గోటీలాడుకోరాదు!"

భానుకు తల కొట్టేసినట్టయింది.

బెంచీ మీది పెద్దమనిషి ఒక్కడే నవ్వలేదు. వంగి బంతి తీసిచ్చాడు. వేళ్లన్నీ పసుపు.

పేరు సాయన్న. సీజన్‌లో రోజూ మోర్తాడ్ నుంచి ఊళ్లోవాళ్ల పసుపు బండిలో నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తాడు. కాంటా మీద తూకం అయ్యేదాకా కంఠేశ్వర్‌లోని ఈ పార్లర్‌కు వచ్చి కూర్చుంటాడు.

"నాకు గూడ రాదు తమ్మీ. ఇద్దరం కలిసి నేర్చుకుందమా?"

ఆ మాటతో భానుకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడే మొదలుపెట్టారు.

"బొటనవేలు జర లేపి, దాని మీద స్టిక్ పెడితె ఎట్లుంటదో సూడు."

"మోచెయ్యి గట్ల ఊపకుంటె సీదా పోతదేమో!"

సాయన్న అన్నీ తనకూ తెలియనట్టే అనేవాడు. తన దెబ్బ తప్పితే "అయ్యో, పాయె!" అని నొచ్చుకునేవాడు. భాను వంతు వచ్చేసరికి తెల్ల బంతి ఎదురుగా సిద్ధంగా ఉండేది.

భాను రోజూ గెలిచాడు. గెలుపు మెల్లగా నెత్తికెక్కింది. నితీష్‌ను ఓడించి, నవ్విన నోళ్లన్నీ మూయించాలి. అదొక్కటే పట్టుదల.

ఆ శనివారం సాయంత్రం ఆఫీసువాళ్లంతా వచ్చారు. నితీష్‌తో ఆట మొదలవబోతుండగా సాయన్న లోపలికొచ్చాడు.

"ఈ యేటికి గిదే ఆఖరి ట్రిప్పు తమ్మీ. పొయ్యేముందు ఒక్క ఆట ఆడుదమా?"

నితీష్ కనుబొమ్మలు ఎగరేశాడు. "గీయన దగ్గరనా నువ్వు నేర్చుకున్నది?"

భానుకు సిగ్గేసింది. ఆ సిగ్గంతా సాయన్న మీదికే మళ్లింది.

"నీకు ఆట రానే రాదు కాకా. నీతోని ఆడితె నా ఆట గూడ ఖరాబైతది. ఆ పసుపు చేతులు టేబుల్ మీద పెట్టకు."

మళ్లీ అందరూ గొల్లుమన్నారు. ఈసారి భాను కూడా నవ్వాడు.

సాయన్న తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నిజమే తమ్మీ. మంచిగ ఆడు," అని వెళ్లిపోయాడు.

పూల్‌లో ఎదుటివాడి దెబ్బ తప్పాక తెల్ల బంతి ఎక్కడ ఆగితే, అక్కణ్నుంచే మనం కొట్టాలి. నితీష్ దెబ్బ తప్పినప్పుడల్లా అది టేబుల్ అంచుకో, ఇంకో బంతి చాటుకో పోయి నక్కేది. భాను ఒక్కటీ సరిగ్గా కొట్టలేకపోయాడు. చిత్తుగా ఓడాడు.

అందరూ పోయాక పార్లర్ ఓనర్ రాజేందర్ దగ్గర గొణిగాడు.

"నసీబ్ ఖరాబున్నదన్నా. కాకాతోని ఆడితె వైట్ బాల్ ఎప్పుడు నా ముందరికే వచ్చేది."

"వచ్చేదా? ఆయన తెచ్చేటోడు! ఒకనాడు నీకు ఏ దెబ్బ తప్పితె, తెల్లారి ఆ దెబ్బకే బాల్‌ను నీ ముందర ఆపి ఇడిసిపెట్టేటోడు."

భాను యార్డుకు పరుగెత్తాడు. మోర్తాడ్ బండి ఎప్పుడో వెళ్లిపోయింది.

తిరిగొచ్చి టేబుల్ ముందు నిలబడ్డాడు. ఇందాక తాను నవ్విన నవ్వే చెవుల్లో మోగుతోంది. తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"మరి ఆట రాదన్నడు గదన్నా?"

"దుబాయ్ లేబర్ క్యాంపుల నాకు స్టిక్ పట్టుడు నేర్పిందే సాయన్న," అన్నాడు రాజేందర్. "ఆయన దెబ్బ తప్పంగ నేను సూసింది ఒక్క నీతోని ఆడినప్పుడే."